పురుగు రాకముందు

క్రితం వారం హాలు తలుపు దగ్గర ఆగాం. మీరు పత్రిక మడిచి టీ తాగడానికి వెళ్లిపోయారు. నేను మాత్రం స్టేజి మీద నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను, వారమంతా. ఒక దోమల జంట ఆ నోట్లో కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెద్ద చదువులకు కూడా పంపింది.

మరిచిపోయినవాళ్ల కోసం సంగతి మళ్లీ చెబుతాను. బంటింగ్ అనే మా ఊళ్లో మా బడి, అందులో ఆఖరి తరగతి మాది, ఆ ఫారం సిక్స్ బయాలజీ పుస్తకం, అందులో పరిణామం అని ఒక పాఠం. ఆ పాఠాన్ని పుస్తకంలో హాయిగా పడుకోనివ్వకుండా జోసఫీన్ టీచర్ శుక్రవారం సైన్స్ క్లబ్‌లో చిన్న తరగతులకు కూడా చెప్పడం మొదలుపెట్టింది. ప్రాణులు ఎలా మారుతూ వచ్చాయి, ఏది దేనితో కలిసి పెరిగింది, అలాంటివి. ఆల్బర్ట్ అంకుల్ కూతురు ఆ క్లబ్‌లో ఉంది. ఆయన తల్లిదండ్రుల సంఘానికి ఫిర్యాదు చేశాడు. పరిణామం చెబితే చెప్పండి, పక్కనే ఇంటెలిజెంట్ డిజైన్ కూడా చెప్పండి, ఈ లోకాన్ని తెలివైన చెయ్యి ఏదో కావాలని చేసిందని కూడా పిల్లలకి సమానంగా తెలియాలి. అలా కుదరకపోతే క్లబ్ ఇంకొకరికి ఇవ్వండి. ఇదీ ఆయన మాట.

సిలబస్ మార్చే అధికారం మా తల్లిదండ్రుల సంఘానికీ మా క్యాంటీన్ పిల్లికీ సరిసమానం. కానీ క్లబ్ ఎవరు నడపాలో మాత్రం సంఘం చెప్పగలదు. అందుకని శనివారం పొద్దున మీటింగ్. టీచర్ తరఫున మాట్లాడేది నేను, కోగిలవాణి. ఆల్బర్ట్ అంకుల్ లేచి, "నా దగ్గర సాక్షి ఉంది. లోకం దానంతటది నడవదని సొంత చేత్తో చేసి చూసిన మనిషి" అన్నాడు. తలుపు తెరుచుకుంది.

సాక్షి మా మామ్మ.

కూర్మమ్మ. మా నాన్నని కన్న మనిషి. గుడికి కట్టే ముదురు నీలం చీర, భుజానికి మార్కెట్ సంచి. ఆ పొద్దున నాకు తోసె వేసిపెట్టింది గానీ ఎక్కడికే అని అడగలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. నేను బాత్రూమ్‌కి వెళ్తున్నా ఎక్కడికే అని అడిగే మనిషి మామ్మ.

మా ఇంటి గురించి రెండు ముక్కలు చెప్పాలి. అమ్మా నాన్నా ఒకే ఫ్యాక్టరీలో ఎదురెదురు షిఫ్టులు. వాళ్లిద్దరూ ఒకే గదిలో కలిసి ఉన్న ఆఖరి ఫోటో పెళ్లినాటిది. అమ్మ తమిళ మనిషి, నాన్న ఇంటికొచ్చాక ఏ భాషా మాట్లాడడు, నిద్రపోతాడు. కాబట్టి మా ఇంట్లో తెలుగు నాకూ మామ్మకీ మధ్యే తిరుగుతుంది, వంటింటికీ వెనక వరండాకీ మధ్య. బడిలో నేను జోకు వేస్తే మూడు భాషల్లో నవ్వుతారు. గంట కొట్టగానే ఎవరి భాషలోకి వాళ్లు ఎక్కి ఇంటికి పోతారు. నేను మోటారుసైకిల్ ఎక్కి మామ్మ దగ్గరికి పోతాను.

పరీక్ష అయ్యాక నేను కోట కినబాలు వెళ్లి చదువుకోవాలనుకుంటున్నాను. ఆ ఊరు సముద్రం అవతల. నేను పోతే మామ్మకి ఆ తెలుగు మాట్లాడటానికి గోడ మిగులుతుంది. గోడ మంచి శ్రోతే, కానీ జవాబు చెప్పదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఒక్క జోసఫీన్ టీచర్‌కి చెప్పాను.

సరే. హాలు.

ఆ రోజు వచ్చినంత జనం బంటింగ్‌లో ఎన్నికలకి కూడా రారు. సగం మంది పరిణామం కోసం, మిగతా అందరూ టీతో పెట్టే కరిపాప్ కోసం, అంటే కూర కూరిన మా ఊరి సమోసా. నెత్తిమీద ఫ్యాన్ ఒకటి కిర్రుమని తిరుగుతోంది. అది డైనోసార్లు చూసిన ఫ్యాన్. పరిణామానికి మా బడి దగ్గర ఉన్న ఏకైక శిలాజం అదే.

మీటింగ్ నడిపే మణియం సార్ మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి మలయ్‌లో అడిగాడు, "మీరు మలయ్‌లో చెబుతారా, తమిళంలోనా?"

మామ్మకి రెండూ వచ్చు. చేపలవాడితో మలయ్‌లో బేరమాడితే వాడు ఎదురు డబ్బులిస్తాడు. అయినా మామ్మ తల అడ్డంగా ఊపింది.

"తెలుగుల సెప్తాను."

హాల్లో తెలుగు తెలిసినవాళ్లు ఆల్బర్ట్ అంకుల్, జోసఫీన్ టీచర్, నేను. అంకుల్ తెలుగు బాగా మాట్లాడతాడు. టీచర్‌కి వింటే అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. అంకుల్ తన సాక్షికి తనే అనువాదం చేస్తే బాగోదని మణియం సార్ తేల్చాడు.

"ఎదుటి పక్షం మనిషే మలయ్‌లో చెబితే ఎవరికీ అనుమానం ఉండదు. వాణీ, నువ్వు చెప్పు. ఓకే లాహ్?"

హెడ్‌మాస్టర్ గొంతు అనుకరించి మైకులో ఒకసారి సెలవు ప్రకటించిన పిల్లని నేను. బడి సగం ఖాళీ అయ్యాక తెలిసింది. అలాంటి నన్ను నమ్మకస్థురాలైన అనువాదకురాలు అన్నారు. నేను మైకు పట్టుకుని మామ్మ పక్కన నిలబడ్డాను. మామ్మ నా వైపు చూడలేదు.

"నా పేరు కూర్మమ్మ. సుంగై సుమున్ ఎస్టేట్‌ల పుట్టినాను. ఈడుకి రాగానే పువ్వు పనికి ఏసినారు."

సంచిలోంచి ఒక పాత ప్లాస్టిక్ బుడ్డి తీసి పైకెత్తింది. మూతికి సన్నటి గొట్టం. మా ఇంట్లో దాన్ని నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. కిటికీలో చీపురు పక్కన ఉంటుంది. అగరొత్తుల బూడిద ఊదే సామాను అనుకునేదాన్ని.

"పామాయిల్ సెట్టుకి మగ పువ్వు ఏరు, ఆడ పువ్వు ఏరు. రెండూ ఒక్క యాల ఇచ్చుకోవు. మగ పువ్వు పొడి దులిపి, మొకానికి రాసుకునే పౌడర్ల కలిపి, ఈ బుడ్డిల పోసుకుని ఎల్లాల. ఏ సెట్టుకి ఆడ పువ్వు ఇచ్చుకుందో ఎతుక్కోవాల. ముళ్లుంటాయి, పాములుంటాయి. సెయ్యి లోపలికి పెట్టి బుడ్డి నొక్కాల. ఫుస్. అంతే. నొక్కితే గెల ఏస్తాది. నొక్కకపోతే ఆ పువ్వు కుళ్లిపోద్ది."

నేను చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. 'ఫుస్'ని మలయ్‌లో ఏమనాలో తెలియక ఫుస్ అనే అన్నాను, హాలు ఒప్పుకుంది. కరిపాప్ నమిలే చప్పుడు ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో ఫోన్ ఎత్తి మామ్మని వీడియో తీస్తున్నారు. మామ్మ వీపు నిటారైంది. ఆమె అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆమె ఎప్పుడూ ఏదో ఒకదాని మీదకి వంగే ఉంటుంది.

ఆల్బర్ట్ అంకుల్ మెల్లగా అడిగాడు. "అత్తా, మడిసి ఎల్లకపోతే ఆ పువ్వు దానంతటది కాస్తాదా?"

"ఎక్కడ కాస్తాది నాయినా. మడిసి ఎల్లాల."

అంకుల్ హాలు వైపు తిరిగాడు. ఆయన్ని చెడ్డవాడిగా రాయడానికి నేను చాలా కష్టపడ్డాను. దొరికింది ఒక్క చొక్కా రంగే. ఎస్టేట్ కూలీల ఇళ్లలో మామ్మ వాళ్ల పక్క లైన్లో పుట్టిన మనిషి. క్లాంగ్ పట్నంలో పెద్ద ఉద్యోగమొచ్చినా మామ్మని చూస్తే లేచి నిలబడతాడు. "ఒక పువ్వు కాయడానికే తెలిసిన చెయ్యి కావాలి. మరి ఇంత లోకానికి అక్కర్లేదా? నా కూతురికి ఈ మాట కూడా చెప్పండి అంటున్నాను. టీచర్ మాట తీసేయమనడం లేదు" అన్నాడు మలయ్‌లో. చప్పట్లు మోగాయి. కరిపాప్ వర్గం కూడా కొట్టింది.

ఇక జోసఫీన్ టీచర్ వంతు.

టీచర్‌దీ అంకుల్‌దీ ఒకే చర్చి. ఈ గొడవ మొదలయ్యాక ఆదివారాలు ఆవిడ బల్ల మీద ఆవిడ సంచి ఒక్కటే పక్కన కూర్చుంటోందట. అది ఆవిడ నాకు చెప్పలేదు. అంకుల్ కూతురు చెప్పింది. టీచర్ లేచి మామ్మకి నమస్కారం పెట్టి, నాతో ఇంగ్లీషులో అంది, "కూర్మమ్మగారిని అడుగు. ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారు?"

జవాబు నాకు తెలుసు. స్టేజి తెర వెనక మా క్లబ్ బోర్డు మీద ఉంది. దాన్ని గీసింది నేనే. పామాయిల్ చెట్టు పుట్టింది ఆఫ్రికాలో. అక్కడ దాని పువ్వుల్లోనే బతికే చిన్న ముక్కు పురుగు ఒకటి, పొడి ఈ పువ్వునుంచి ఆ పువ్వుకి మోస్తుంది. చెట్టుని ఇక్కడికి తెచ్చినవాళ్లు పురుగుని తేలేదు. ఎన్నో ఏళ్లకి గానీ దాని సంగతి తెలియలేదు. తెచ్చి వదిలాక బుడ్డీలూ వద్దు, మనుషులూ వద్దు. మనిషి చెయ్యి లేకపోతే పువ్వు కాయదని మామ్మ నమ్మకం. అది తప్పు. మామ్మ చెయ్యి ఆ పురుగు ఖాళీలో నిలబడింది, అంతే.

ఆ ఒక్క ప్రశ్న అడిగితే టీచర్ క్లబ్ నిలుస్తుంది. మామ్మ వీపు మళ్లీ వంగిపోతుంది, ఈసారి ఊరందరి ముందూ, వీడియోలో, నా గొంతుతో.

నేను మామ్మ చెవి దగ్గరికి వంగాను. చాలా గంభీరంగా, కోర్టులో అడిగినట్టు అడిగాను.

"మామ్మా, ఆకలేస్తందేటి?"

ఆల్బర్ట్ అంకుల్ నోరు తెరిచి మూశాడు. టీచర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మిగతా హాలంతా ఊపిరి బిగబట్టి జవాబు కోసం చూస్తోంది. మామ్మ మొట్టమొదటిసారి నా వైపు తిరిగింది. మామ్మ ఆ చూపు చూస్తే మా ఇంట్లో ఫ్రిజ్ దానంతటదే ఐసు కరిగించుకుంటుంది.

"టీచరమ్మ అడిగింది అది కాదు."

"అదే మామ్మా..."

"నాకు ఇంగిలీసు రాదనుకున్నావేటే? ఎస్టేట్‌ల దొరలు ఏ బాసల తిట్టేవోరనుకున్నావు? అడుగు. ఆయమ్మ ఏటడిగిందో అదే అడుగు."

అడిగాను. "ఇప్పుడు ఆ పని ఎవలు సేస్తన్నారు మామ్మా?"

మామ్మ బుడ్డిని ఒళ్లో పెట్టుకుని, నా అవసరం లేకుండా మలయ్‌లో తనే చెప్పింది.

"కుంబాంగ్."

పురుగు. హాల్లో అలికిడి. ఆ తర్వాత మామ్మ మళ్లీ తెలుగులోకి వచ్చింది, నాకే చెబుతున్నట్టు.

"ఒక పొద్దున లారీల పెట్టెలొచ్చినాయి. పెట్టెల్ల మగ పువ్వులు, ఆటి నిండా పురుగులు. నల్లగా, నువ్వు గింజంత. తీసుకెళ్లి తోటల ఏలాడదీయమన్నారు. పువ్వు పని ఆడోళ్లమే ఏలాడదీసినాం. ఏటికని అడగనేదు. అడిగితే ఎవలు సెప్తారు? కొన్నాళ్లకి మేస్త్రీ ఒచ్చి, ఇంక మీరు పువ్వులకి పోనక్కర్లేదు, గడ్డి పనికి పొండి అన్నాడు."

నేను మైకులో మలయ్‌లో చెబుతున్నాను.

"నాను నమ్మనేదు. పురుగు ఏటి సేస్తాది అనుకున్నాను. తెల్లారకముందే లేచి బుడ్డి అట్టుకుని ఎల్లినాను. పొడి ఇవ్వడం మానేసినారు గదా, ఉత్తి బుడ్డే. నా సెట్లు నాకు తెలుసు. ఏ సెట్టు కాడ ముల్లు గుచ్చుద్దో తెలుసు. ఎల్లి సూస్తే, పువ్వు మీద పురుగులు. తర్వాతర్వాత గెలలు. నా సెయ్యి పడినప్పటికన్నా పెద్ద గెలలు. అయినా ఎల్లేదాన్ని. సెట్టు కింద నిలబడేదాన్ని. ఎవలూ ఏటికొచ్చినావని అడగనేదు. పొమ్మనీ అననేదు."

బుడ్డిని ఒకసారి నొక్కింది. ఫుస్. లోపల ఏమీ లేదు.

అనువాదం పూర్తయింది.

ఆల్బర్ట్ అంకుల్ కూర్చునే అన్నాడు, గొంతు తగ్గించి. "ఆ పురుగుని కూడా ఎవలో తెచ్చినారు గదా అత్తా. దానంతటది రానేదు."

"తెచ్చారు. చేయలేదు" అంది జోసఫీన్ టీచర్ ఇంగ్లీషులో. వెళ్లి తెర లాగింది.

బోర్డు మీద నా పురుగు. నువ్వు గింజంత దాన్ని మేకపోతంత గీశాను. సరదాగా దానికి మీసాలు కూడా పెట్టాను. మణియం సార్ మీసాలు. హాలంతా పురుగునీ సార్‌నీ మార్చి మార్చి చూసింది. సార్ తన మీసాన్ని ఒకసారి తడుముకున్నాడు. నవ్వు వెనక వరసల్లోంచి పుట్టి ముందుకొచ్చింది. మామూలుగా అయితే ఆ నవ్వుతో నేను ఒక నెల బతికేదాన్ని. ఆ రోజు అది నన్ను దాటి వెళ్లిపోయింది.

టీచర్ నవ్వు తగ్గే దాకా ఆగింది. ఆ చెట్టూ ఆ పురుగూ ఆఫ్రికాలో లక్షల ఏళ్లు ఒకదాన్ని చూసి ఒకటి మారుతూ వచ్చాయని చెప్పింది. పువ్వు వాసన పురుగుకి తగ్గట్టు, పురుగు బతుకు పువ్వుకి తగ్గట్టు. "నేను దేవుణ్ణి కాదనడం లేదు. ఆదివారం నేను ఎక్కడుంటానో ఆల్బర్ట్ అన్నకి తెలుసు. క్లబ్‌లో నేను చెప్పేది మనం వెళ్లి చూడగలిగింది, తప్పయితే తప్పని తేల్చగలిగింది. డిజైన్ అనే మాటని అలా తేల్చే దారి నాకు తెలియదు. అందుకే దాన్ని సైన్స్ అని పిల్లలకి చెప్పలేను."

నేను ఇదంతా మామ్మకి తెలుగులో చెప్పాను. మామ్మ బోర్డు వైపు చూసింది.

"అయితే టీచరమ్మా, ఆ సెట్టు ఒక్కతే ఓడెక్కి ఒచ్చేసింది. దాని పురుగు రానేదు. అంతేనా?"

"అంతే అమ్మా."

టీచర్ తెలుగులో జవాబు చెప్పడం నేను మొదటిసారి విన్నాను. మాటలు తడుముకుంటూ, చీకట్లో మెట్లు దిగుతున్నట్టు.

"పురుగు ఒచ్చిందాకా దానికి ఎవలూ నేరు."

"మీరు... ఉన్నారు కదా అమ్మా."

మామ్మ కొంగుతో బుడ్డి తుడిచింది, దుమ్ము లేకపోయినా.

నేను మైకు దించేశాను. ఇది హాలు కోసం కాదు. "నీకు ముందే తెలుసు గదా మామ్మా. పురుగు సంగతి నీకే ఎక్కువ తెలుసు. మరి మడిసి ఎల్లాలని అంకుల్ తరఫున ఎందుకు సెప్పినావు?"

"ఆడు అడిగినాడు."

"అడిగితే?"

"అడిగినాడు, అంతే. ఇంటికొచ్చి, కింద కూకుని, అత్తా నువ్వేటి పని సేసేదానివి అన్నాడు. ఇన్నేళ్లకి ఒకడు అడిగినాడు." మామ్మ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే నయంగా ఉండేది. "ఆ పురుగుని నా వంటింట్ల గీసినావు. నానే లైటు ఏసినాను. నీ రంగు నీళ్లు నానే పారబోసినాను. బుడ్డి నీ ఎదర కిటికీల ఉంది. మామ్మా, దీన్ని నువ్వెప్పుడైనా సూసినావా అన్నావేటి?"

అనలేదు. నాతో ఎవరూ మాట్లాడరని ఊరంతా చెప్పుకు తిరిగే నేను, ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

"ఏమంటున్నారు?" మణియం సార్ మలయ్‌లో అడిగాడు. "వాణీ, అనువాదం."

ఆల్బర్ట్ అంకుల్ నేల వైపు చూస్తున్నాడు. ఆయనకి అర్థమైంది. టీచర్‌కీ అర్థమైంది. మిగతా హాలు నా నోటి కోసం చూస్తోంది. కావాలంటే నేను ఏమైనా చెప్పొచ్చు. మామ్మకి ఆకలేస్తోందట అని చెప్పొచ్చు. నవ్వుతారు, కరిపాప్‌లు తెస్తారు, ఓటింగ్ పెడతారు.

మైకు ఎత్తాను. మామ్మ చెయ్యి వచ్చి మైకుకి అడ్డం పడింది. ఆ వేళ్ల మీద పాత ముళ్ల మచ్చలు. నాకు తల దువ్వే చేతివే, నేను ఎప్పుడూ అడగనివే.

"ఆళ్లకి తర్వాత సెప్పు. నిన్ను నానొకటి అడగాల."

"ఏటి మామ్మా?"

"కోట కినబాలుకి బంటింగ్ నుంచి బస్సుందేటే?"

చెయ్యి మైకుని పూర్తిగా మూయలేదు. ఆ ప్రశ్నలో 'కోట కినబాలు', 'బస్సు' హాలంతటికీ అర్థమయ్యాయి, అనువాదం అక్కర్లేకుండా. ఎవరో వెనక నుంచి సాయపడబోయి, "బస్సు లేదు ఆంటీ, మధ్యలో సముద్రం లాహ్!" అని మలయ్‌లో అరిచారు.

"సముద్రమా" అంది మామ్మ. ఆ ముక్క ఆమెకి ఎవరూ చెప్పినట్టు లేదు.

మిగతాది మాత్రం ఎవరో చెప్పారు. నేను చెప్పింది ఒక్క మనిషికే. ఆ మనిషి వైపు తిరిగాను.

జోసఫీన్ టీచర్ తలెత్తి ఫ్యాన్ వైపు చూస్తోంది, దాన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.